కిడ్నీ మార్పిడి తర్వాత వచ్చే షుగర్: ఆపరేషన్‌తో మన బాధ్యత తీరదు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పరమ కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాను.



కిడ్నీ రోగులకు మనం చేస్తున్న సాయం గురించి వైద్యుడిగా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఆపరేషన్ అయ్యేదాకా జరిగేదంతా మీకు తెలుసు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్, ఇంట్లో ఎవరు కిడ్నీ ఇవ్వగలరన్న ఆలోచన, ఇచ్చేవారు లేకపోతే జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించడం, పరీక్షలు, అనుమతి పత్రాలు, చివరకు ఆపరేషన్. రోగి నవ్వుతూ ఇంటికి చేరాక మనమంతా అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకుని ఆ దరఖాస్తు ఫైలు మూసేస్తాం. అలా ఫైలు మూసిన తర్వాత మొదలయ్యే ఒక జబ్బు గురించి ఈరోజు మాట్లాడతాను.

అదివరకు ఎన్నడూ షుగర్ లేని మనిషికి కిడ్నీ మార్పిడి తర్వాత కొత్తగా షుగర్ రావచ్చు. ఇది అరుదైన సంగతి కాదు. వేర్వేరు కేంద్రాల లెక్కల్లో నూటికి పది నుంచి నలభై మంది దాకా దీని బారిన పడుతున్నారు. ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే బయటపడుతుంది. దీన్ని పట్టించుకోకపోతే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది, కాలక్రమంలో కొత్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఒక తల్లో, ఒక భార్యో తన శరీరంలోంచి తీసి ఇచ్చిన అవయవం అది. ఆమె దాన్ని రెండోసారి ఇవ్వలేదు. అందుకే దాన్ని అమానత్ అంటున్నాను. అమానత్‌ను కాపాడే ఖర్చు ఆపరేషన్ ఖర్చులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కానీ అది నెలనెలా రావాలి, సమయానికి రావాలి.

ఎందుకు వస్తుంది?

పరాయి అవయవం లోపలికి వస్తే శరీరం దాన్ని శత్రువుగా చూస్తుంది, తరిమేయాలని చూస్తుంది. ఆ ప్రయత్నాన్ని అణచి ఉంచడానికే రోగి జీవితాంతం మందులు వాడాలి. వాటిలో ముఖ్యమైనవి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. వీటిలో రెండు షుగర్‌ను పెంచుతాయి. స్టెరాయిడ్ వల్ల శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు, కాలేయం ఎక్కువ చక్కెరను రక్తంలోకి వదులుతుంది. టాక్రోలిమస్ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను మందగింపజేస్తుంది. ఒకవైపు ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది, ఇంకోవైపు తయారీ తగ్గుతుంది.

దీనికి తోడు ఇంకో కారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ వాడిన ఇన్సులిన్‌ను విడగొట్టి తొలగిస్తుంది. చెడిపోయిన కిడ్నీ ఆ పని చేయలేదు కాబట్టి డయాలసిస్ రోజుల్లో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, లోపల దాగి ఉన్న షుగర్ ధోరణి పైకి కనిపించదు. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టగానే ఆ ముసుగు తొలగిపోతుంది.

ఆహారం సంగతి కూడా చెప్పాలి. డయాలసిస్‌లో ఉన్నన్నాళ్లు అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, ఉప్పు తగ్గించు, నీళ్లు కొలిచి తాగు అన్నాం. ఆపరేషన్ తర్వాత నోటికి రుచి తిరిగొస్తుంది, స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, చూడడానికొచ్చిన చుట్టాలు మిఠాయి డబ్బాలతో వస్తారు, ప్రతి ఇంట్లో దావత్. కొన్ని నెలల్లోనే మనిషి బరువు పెరుగుతాడు. ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉండడం, వయసు నలభై దాటడం, పొట్ట చుట్టూ కొవ్వు, హెపటైటిస్ సి ఇన్ఫెక్షన్ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. హెపటైటిస్ సికి ఇప్పుడు మాత్రలతో నయమయ్యే చికిత్స ఉంది కనుక దాన్ని వదిలేయకూడదు.

ఎలా కనిపెట్టాలి?

ఇక్కడే చాలామంది మోసపోతారు. మామూలు షుగర్ రోగికి పొద్దున్నే పరగడుపున పరీక్ష చేస్తాం. కిడ్నీ మార్పిడి జరిగినవారు స్టెరాయిడ్ మాత్ర ఉదయం వేసుకుంటారు. దాని ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా ఉండి, తెల్లవారేసరికి దిగిపోతుంది. ఉదాహరణకు ఒక రోగికి పొద్దున ఏడింటికి 96 ఉంటుంది, ‘మాషా అల్లాహ్, షుగర్ లేదు’ అనుకుంటారు. అదే మనిషికి సాయంత్రం నాలుగింటికి చూస్తే 240 ఉండవచ్చు. కాబట్టి మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం తప్పనిసరిగా చూడాలి.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మొదటి ఏడాదిలో దారి తప్పించవచ్చు. రక్తహీనత, రక్తం ఎక్కించడం, కొత్త కిడ్నీ వచ్చాక కొత్త ఎర్ర రక్తకణాలు పుట్టడం వల్ల ఆ అంకె అసలు కన్నా తక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆ ఒక్క పరీక్ష మీదే ఆధారపడవద్దని వైద్య నిపుణుల సిఫారసు. పరగడుపున 126 లేదా అంతకన్నా ఎక్కువ, గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకు 200 లేదా ఎక్కువ ఉంటే షుగర్ జబ్బుగా లెక్కిస్తాం. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మోతాదు ఎక్కువ కాబట్టి దాదాపు అందరికీ షుగర్ పెరుగుతుంది. అప్పటి పెరుగుదలకు చికిత్స చేస్తాం గానీ జబ్బు అన్న ముద్ర వేయం. రోగి ఇంటికెళ్లి, మందుల మోతాదు నిలకడగా ఉన్నప్పుడు, సుమారు ఆరు వారాలు దాటాక నిర్ధారిస్తాం.

చికిత్స ఎలా ఉంటుంది?

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. షుగర్ వచ్చిందని భయపడి స్టెరాయిడ్‌ను గానీ టాక్రోలిమస్‌ను గానీ సొంతంగా ఆపకూడదు, తగ్గించకూడదు. ‘ఆ మందుల వల్లే షుగర్ వచ్చిందట, మానేస్తే పోతుంది’ అని పక్కింటివారు చెప్పిన మాట విని మానేస్తే శరీరం కిడ్నీని తిప్పికొడుతుంది. షుగర్‌కు వైద్యం ఉంది. పోయిన కిడ్నీని మాత్రం వెనక్కి తేలేం. మోతాదు తగ్గించడం, ఒక మందు బదులు ఇంకొకటి ఇవ్వడం అనేది రక్తంలో మందు స్థాయి చూసి కిడ్నీ డాక్టరు చేయవలసిన పని. సాధారణంగా స్టెరాయిడ్‌ను మొదటి నెలల్లో క్రమంగా దించి, చాలామందికి రోజుకు 5 మిల్లీగ్రాముల దగ్గర నిలుపుతారు. ఆ క్రమంలో షుగర్ కూడా కొంత దిగుతుంది.

మొదటి వారాల్లో మంచి మందు ఇన్సులిన్. ఇన్సులిన్ అంటే మనవాళ్లకు భయం. ఒకసారి మొదలైతే జీవితాంతం తప్పదనుకుంటారు. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. అలసిపోయిన క్లోమానికి ఇన్సులిన్ కొంత విశ్రాంతి ఇస్తుంది. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ చాలామందికి ఇన్సులిన్ కూడా తగ్గి, తర్వాత మాత్రలతో సరిపోతుంది. ఉదయం స్టెరాయిడ్ వేసుకునేవారికి ఉదయమే ఇచ్చే మధ్యస్థ కాలపు ఇన్సులిన్ బాగా కుదురుతుంది. రెండూ మధ్యాహ్నానికే పట్టు బిగిస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. స్టెరాయిడ్ మోతాదు తగ్గించిన ప్రతిసారీ ఇన్సులిన్ మోతాదు గురించి డాక్టరును అడగాలి. పాత మోతాదే కొనసాగిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే పరీక్షించాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్సులిన్ కొనేటప్పుడు జరిగే ఒక పొరపాటును మన వాలంటీర్లు తెలుసుకోవాలి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకొకటి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో తీసుకుంటే రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. ప్రాణం మీదికి వచ్చే తప్పు అది. మందు ఇచ్చేవారు సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూపించాలి. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు వాడుతున్న ఇన్సులిన్ సీసాను తడి తగలకుండా డబ్బాలో పెట్టి, చల్లటి నీళ్లున్న మట్టికుండలో ఉంచుకోవచ్చు.

మాత్రల విషయానికొస్తే, లినాగ్లిప్టిన్ మోతాదును కిడ్నీ పనితీరును బట్టి మార్చనక్కర్లేదు. అందుకే చాలామంది డాక్టర్లు దాన్ని ఎంచుకుంటారు. మెట్‌ఫార్మిన్ చవకైన మంచి మందే అయినా, కిడ్నీ పనితీరు బాగా తక్కువగా ఉంటే ఇవ్వకూడదు. గ్లిబెన్‌క్లమైడ్ వంటి పాత మాత్రలు కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో షుగర్‌ను ప్రమాదకరంగా పడగొడతాయి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త మందులు చక్కెరను మూత్రంలో బయటికి పంపుతాయి. వాటితో మేలు ఉన్నా మూత్ర మార్గంలో, జననాంగాల దగ్గర ఇన్ఫెక్షన్ల సంగతి ఆలోచించి, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో కాకుండా నిలకడ వచ్చాకే డాక్టర్లు వాటి గురించి ఆలోచిస్తారు. పక్కింటి షుగర్ రోగి చీటీ చూసి మాత్రలు కొనుక్కోవడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాకరకాయ కూరగా తినండి, అభ్యంతరం లేదు. ఆకు పసర్లు, నాటు పొడులు, ఏముందో తెలియని మందులు మాత్రం వద్దు. కొన్ని వస్తువులు టాక్రోలిమస్ స్థాయిని తారుమారు చేస్తాయి. పంపరపనస కూడా మానుకోవాలి. కొన్ని యాంటీబయాటిక్స్, క్షయ మందు రిఫాంపిసిన్ కూడా ఆ స్థాయిని మారుస్తాయి. విరేచనాలు పట్టుకుంటే కూడా స్థాయి పెరుగుతుంది. కాబట్టి ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరకెళ్లినా ముందుగా ‘నాకు కిడ్నీ మార్పిడి జరిగింది’ అని చెప్పాలి.

ఆహారంలో పెద్ద కఠిన నియమాలు అక్కర్లేదు. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడం, చాయ్‌లో పంచదార మానడం, దావత్‌లో బిర్యానీ ఒక చిన్న పళ్లెంతో ఆపడం, షీర్ ఖుర్మా రెండు చెంచాలు రుచి చూడడం, రోజూ అరగంట నడవడం. ఈ కొద్దిపాటివి నిలకడగా చేస్తే మందుల భారం తగ్గుతుంది. పాదాలు రోజూ చూసుకోవాలి, ఏడాదికోసారి కళ్ల పరీక్ష చేయించుకోవాలి, రక్తపోటు, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకోవాలి. పొగాకు, గుట్కా పూర్తిగా మానాలి.

రమజాన్ ఉపవాసాల గురించి

ప్రతి రమజాన్ ముందు రోగులు నన్నడిగే ప్రశ్న ఇదే. కిడ్నీ మార్పిడి జరిగి, పైగా షుగర్ ఉన్నవారిని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఎక్కువ ప్రమాదం ఉన్నవారిగా చూసి, ఉపవాసం ఉండవద్దని సూచిస్తున్నాయి. మన ప్రాంతంలో కాలాన్ని బట్టి రోజా సుమారు పన్నెండు నుంచి పద్నాలుగున్నర గంటల దాకా ఉంటుంది. సాధారణ టాక్రోలిమస్‌ను పన్నెండు గంటలకోసారి వేళ తప్పకుండా వేసుకోవాలి. నీళ్లు తగినంత తాగకపోతే ఒంటి కిడ్నీ ఎండిపోతుంది. ఇన్సులిన్ వేసుకున్నవారికి అసర్ వేళకు షుగర్ పడిపోవచ్చు, ఇఫ్తార్ తర్వాత ఒక్కసారిగా పైకెక్కవచ్చు.

రోగికి మినహాయింపు దివ్య ఖుర్ఆన్‌లోనే, అల్ బఖరా సూరాలో ఉంది. దాన్ని స్వీకరించడం ఈమాన్ లోపం కాదు. ఏ రోగి ఫిద్యా ఇవ్వాలి, ఎవరు తర్వాత తీర్చుకోవాలి అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. డాక్టరు చెప్పిన సంగతి ముఫ్తీ సాహెబ్‌కు, ముఫ్తీ సాహెబ్ చెప్పింది డాక్టరుకు తెలిస్తే రోగి మనసు కుదుటపడుతుంది. డాక్టరు అనుమతితో ఉపవాసం ఉన్నవారు వేలిమీద రక్తం తీసి షుగర్ చూసుకోవడానికి వెనుకాడకూడదు. దానివల్ల రోజా భంగం కాదని ఉలమాలలో అధికుల అభిప్రాయం. 70 కన్నా తక్కువ, 300 కన్నా ఎక్కువ చూపిస్తే ఏ వేళైనా ఉపవాసం విరమించాలి.

దాతలు ఏం చేయగలరు?

ఇప్పుడు అసలు మనవి. కిడ్నీ మార్పిడికి సాయం మంజూరు చేసే ప్రతిసారీ, అదే తీర్మానంలో తర్వాతి ఏడాది సంరక్షణకు కూడా కొంత మొత్తం కేటాయించండి. అందులో ఉండవలసినవి ఐదు.

ఒకటి, గ్లూకోమీటర్, దానికి స్ట్రిప్‌లు. మీటర్ ఒకసారి కొంటే సరిపోతుంది. స్ట్రిప్‌లే ఖర్చు. కంపెనీని బట్టి ఒక్కో స్ట్రిప్ పది నుంచి పాతిక రూపాయల దాకా ఉంటుంది. రోజుకు రెండు చొప్పున నెలకు అరవై, అంటే ఆరు వందల నుంచి పదిహేను వందల రూపాయలు. మీటర్ కొనిచ్చి స్ట్రిప్‌లు మరిచిపోతే అది అల్మారాలో అలంకారంగా మిగులుతుంది.

రెండు, ఇన్సులిన్, దానికి తగిన సిరంజిలు, లేదా డాక్టరు రాసిన మాత్రలు. జన ఔషధి దుకాణాల్లో చాలా మాత్రలు తక్కువ ధరకు దొరుకుతాయి. ఇన్సులిన్ ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. అయితే అవయవ మార్పిడి మందుల కంపెనీని మాత్రం డాక్టరును అడగకుండా మార్చకూడదు, చవకగా దొరికినా సరే.

మూడు, రక్త పరీక్షలు. క్రియాటినిన్, షుగర్, టాక్రోలిమస్ స్థాయి. ఖర్చుకు జడిసి ఈ మూడో పరీక్షను రోగులు వాయిదా వేస్తారు. అది లేకుండా డాక్టరు మందు మోతాదు సరిచేయలేడు.

నాలుగు, దారి ఖర్చులు. హైదరాబాద్ నిమ్స్‌కో, తిరుపతి స్విమ్స్‌కో, వెల్లూరుకో చూపించుకోవడానికి వెళ్లే రోగి ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. బస్సు ఛార్జీలు లేక తప్పిపోయిన ఒక్క చూపు నెలల చికిత్సను వెనక్కి లాగుతుంది.

ఐదు, ఒక మనిషి. వారానికోసారి ఫోన్ చేసి ‘భాయ్, సాయంత్రం షుగర్ ఎంతుంది? మందులు ఇంకెన్ని రోజులకున్నాయి?’ అని అడిగే వాలంటీరు. స్త్రీ రోగులకైతే ‘బాజీ’ అని పలకరించే ఒక సోదరి. దీనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. మందులు అయిపోవడానికి పది రోజుల ముందే మనకు కబురు అందాలి, అయిపోయిన తర్వాత కాదు.

కిడ్నీ ఇచ్చినవారిని కూడా మరవవద్దు. ఆ తల్లికీ, ఆ భార్యకూ ఇప్పుడున్నది ఒకే కిడ్నీ. ఏడాదికోసారి వారి రక్తపోటు, షుగర్, క్రియాటినిన్ చూడాలి. రక్త సంబంధీకులైతే షుగర్ ముప్పు వాళ్ల ఒంట్లోనూ ఉండవచ్చు.

ప్రభుత్వ పథకాల్లో ఏ రోగికి ఏ మేరకు మందులు వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకుంటే, మన సొమ్ము అక్కడ రాని వాటికి ఉపయోగపడుతుంది. జకాత్ సొమ్ములో ఏది ఏ ఖర్చుకు వాడవచ్చో ఉలమాలను అడిగి, సదఖా ఖాతాను వేరుగా ఉంచండి.

ఆపరేషన్ రోజు ఫొటోలు తీసుకుంటాం, పత్రికలో వార్త వస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఒక రోగి వేలిని గుచ్చుకుని అంకె రాసుకునే దృశ్యాన్ని ఎవరూ ఫొటో తీయరు. మీరిచ్చిన కిడ్నీ పదేళ్లు నిలుస్తుందా, రెండేళ్లకే పోతుందా అన్నది చాలావరకు అలాంటి సాయంత్రాల మీదే ఆధారపడి ఉంది. వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఆ సాయంత్రాలకు ఒక పద్దు కేటాయించమని సభను కోరుతున్నాను.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. కిడ్నీ ఇచ్చినవారికి, ధనం ఇచ్చినవారికి, సమయం ఇచ్చినవారికి ఉభయ లోకాల్లోనూ మేలైన ప్రతిఫలం ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలామ్.